పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడలేదు

2025 జూలై 10, గురువారం, ఉదయం ఆరుంబావు. కావలి దగ్గర మా ఊరి రొయ్యల చెరువు గట్టుపై గొలుసుతో కట్టేసి ఉన్న కుక్కను నేనూ, నా భార్య సుజాతా విప్పి ఇంటికి తెచ్చుకున్నాం. రొయ్యలకు తెగులు సోకి పంట పోగానే చెరువు యజమాని మోటార్లు, వలలు తీసుకుపోయి, కాపలా కుక్కను మాత్రం వదిలేశాడు. గొలుసు ఒరుసుకుని దాని మెడంతా పుండైంది.

తొలివారం అది మంచం కిందనుంచి కదలలేదు. ఎవరు చెయ్యెత్తినా భయంతో మూత్రం పోసేది. సుజాత నేలపై కూర్చుని, దానివైపు చూడకుండా పెరుగన్నం ముద్దలు జరిపేది. దానికి రాముడు అని పేరు పెట్టింది. సెప్టెంబరులో అది తొలిసారి ఆమె ఒడిలో తలపెట్టి నిద్రపోయింది. నిద్ర చెడుతుందని ఆమె గంటసేపు కాలు కదపలేదు.

నవంబరు 2, ఆదివారం మధ్యాహ్నం ఆ యజమాని మా వాకిట్లో బండి ఆపాడు.

"సార్, మళ్ళా రొయ్యపిల్ల వదిలినాం. కాపలాకి మా నల్లోడు కావాల."

"చావమని వదిలేసి పోయినావే, ఇప్పుడు మీవాడయినాడా?" అంది సుజాత.

అతడు నవ్వాడు. "కోపమెందుకక్కా, వాణ్ణే అడుగుదాం. ఒరే నల్లోడా!"

లోపల పడుకున్న కుక్క ఒక్క ఉదుటున లేచి, మమ్మల్ని దాటుకుపోయి అతని పాదాలు నాకింది. "రాముడూ, రారా నాయనా!" అని సుజాత గొంతు పోయేలా పిలిచింది. అది బండి వెంట పరుగెత్తింది.

ప్రేమగా చూసుకుంటే చాలని అప్పటిదాకా నమ్మాను. పోయింది ఒక కుక్క. మిగిలినవి దాని గిన్నె, గోనెపట్టా, సగం వాడిన పుండుమందు. చెరువుగట్టుపై ఉదయపు నడక మానేశాను. పరాయివాణ్ణని అది నన్ను చూసి మొరిగితే తట్టుకోలేను.