ఎమ్మిగనూరుకు రైలు తెచ్చిన దేవదానం గారు

మా సహోపాధ్యాయులు దేవదానం గారు ప్రభువు సన్నిధికి చేరారన్న దుర్వార్త సోమవారం ఉదయం బడిలో ప్రార్థన వేళ తెలిసింది. నిశ్చేష్టుణ్ణయ్యాను. మొన్న శుక్రవారం దాకా ఎండలో పిల్లల మధ్య గొంతుక్కూర్చున్న మనిషి! బడి పత్రికలో వారి గుణగణాలను కొనియాడే బాధ్యతను ప్రధానోపాధ్యాయులు నాకు అప్పగించారు. వారంటే నాకెంత కడుపుమంటో ఆయనకు తెలియదు కాబోలు.

దేవదానం గారు ఆదోని రైలుకట్ట పక్కన పుట్టినవారు. మా ఎమ్మిగనూరు పిల్లల్లో చాలామంది రైలు ముఖమే చూడలేదు. బడి వెనుక బయలులో, జొన్నదంట్ల బెండుతో పెట్టెలూ చక్రాలూ చేయించి, దంటు చీలికలతో పట్టాలు వేయించారు. ఎద్దులబండి తప్ప ఎరుగని పిల్లలు, సందు మొదట్లో బండి మళ్లినట్టే, పట్టాలను గోడమూలలా విరిచి మళ్లించారు. దిబ్బ మీద నుంచి వదిలిన రైలు ప్రతిసారీ ఆ మూలలోనే బోర్లాపడేది. చూడలేక, ఇలా వంచండర్రా అని చెప్పబోయాను.

"గమ్మునుండప్పా! పడిపోతేనే కదా, యాల పడిందని ఆలోసన సేస్తారు," అని నా నోరు మూయించారు.

రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం మా అమ్మాయి సరోజ లేచి నిలబడింది. ఇంట్లో నేను ఏ లెక్క అడిగినా నేలచూపులు చూసే పిల్ల!

"ఐవారూ, ఎద్దయితే పగ్గం గుంజితే తిరుగుతాది. దీనికి పట్టాలే పగ్గం. మెల్లగ తిప్పల్ల," అనింది.

పట్టాలను కొడవలిలా వంచి పరిచారు. రైలు మలుపు తిరిగింది. పిల్లలు కేకలు వేశారు, దేవదానం గారు చప్పట్లు కొట్టారు. నా గుండెలో నిప్పు పడింది. ఆ మాట నా దగ్గర రావలసింది! నా బెత్తం అరిగిందే కానీ ఆ పిల్ల పెదవి విడలేదు. ఆనాటి నుంచి అన్నం ముందు కూర్చున్నా దానికి ఐవారి ముచ్చటే. నాకు ముద్ద దిగేది కాదు.

గణితంలోనూ సంస్కృతంలోనూ వారికంటే నేనే అధికుణ్ణి, పాఠకులు గమనించగలరు. కానీ వారి సహనం అనన్యసామాన్యం. అది నాకు ఏ జన్మకూ అబ్బదు.

సమాధి కార్యక్రమం ముగించి ఇల్లు చేరాక కూడా సరోజ వెక్కివెక్కి ఏడుస్తూనే ఉంది. ఓర్వలేక అడిగేశాను.

"ఇంతగనం ఏడ్సాల్నామ్మా? నేనుండాను కదా?"

ఆమె కళ్లు తుడుచుకుని నన్నే ఓదార్చింది.

"నువ్వు పోయినా ఏడుస్తాలే నాయనా."

ఆ మహనీయునికి నా అశ్రునివాళి. బడిలో వారి తరగతి ఇప్పుడు నాకిచ్చారు. వారి కుర్చీలోనే కూర్చుంటున్నాను. మా అమ్మాయి మనసులో వారి చోటు మాత్రం ఖాళీ కాలేదు.