ముగ్గు గీతల్లో వంటగది

గోడలు లేవకముందే వంటగదిలో అన్నం వార్చడం సాధ్యమేనా? దివిసీమలో మా చిన్న ఇల్లు కట్టిన మేస్త్రిగారు సాధ్యమేననేవారు. పునాది తవ్వే ముందు నేలమీద ముగ్గుతో గదులు గీసి, ఆ ఇంటి ఇల్లాలిని వాటిలో తిప్పి చూడటం ఆయన అలవాటు.

కాలేజీ చర్చా పోటీల్లో స్త్రీల హక్కుల మీద మాట్లాడి బహుమతులు గెలిచిన నేను, ఇంట్లో వాదించి ప్లానులో హాలును రెండడుగులు పెంచి, వంటగదిని ఆ మేరకు తగ్గించాను. ముగ్గు పోసిన రోజు మేస్త్రిగారు అమ్మను పిలిచారు.

"చెల్లెమ్మా, ఓసారి అన్నం వార్చండి," అన్నారాయన.

అమ్మ సిగ్గుపడుతూ గీత దాటి వచ్చింది.

"గోడలోంచి వచ్చేశారేంటండీ! గుమ్మంలోంచి రండి."

అమ్మ నవ్వేసి, చుట్టూ తిరిగి వచ్చి, లేని గిన్నెను రెండు చేతులా ఎత్తి వంచింది.

"చూశారా అమ్మాయిగారూ, అమ్మగారి మోచెయ్యి మీ హాల్లోకొచ్చింది. రేపు గోడ లేస్తే గంజి కాళ్ళమీద పడుద్ది."

ఆయన కాలితో గీత చెరిపి, "ఎక్కడిదాకా కావాలి చెల్లెమ్మా?" అని అడిగారు. అమ్మ ఎవరి ముఖమూ చూడకుండా రెండడుగులు ముందుకు నడిచి ఆగింది. ఆయన ఆమె పాదాల ముందు ముగ్గు పోశారు.

మేస్త్రిగారు పోయి రెండేళ్ళయింది. గుడివాడలో అక్క కట్టబోయే ఇంటి ప్లాను నిన్న ఫోనులో వచ్చింది. కొలతలన్నీ ఉన్నాయి. అమ్మ చాలాసేపు చూసి, "అన్నయ్యగారుంటే పెద్దదాన్ని ఓసారి గీతల్లో నడిపించి చూసేవారు," అంది.

ఇల్లు కట్టబోతున్నవారిని ఒకటే కోరుతున్నాను: పునాది తవ్వే ముందు ఒక్క పూట పలుగు పక్కన పెట్టి, ముగ్గుతో గదులు గీసి, వంట చేసేవారిని పిలవండి. వారు ఆగిన చోటికి గీతను జరపండి.