అమ్మ ఆగి ఆగి మాట్లాడిన క్యాసెట్

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఎదుటే ఎగతాళి చేసే మనిషిని నేను. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. కానీ ఈ ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడుపడదు.

ఎనభైల చివర్లో మా అన్న సైన్యంతో శ్రీలంకలో ఉన్నాడు. మాది బూర్గంపాడు. "రాముడే లంకకు పోయి తిరిగొచ్చిండు, నా కొడుకు రాడా?" అని అమ్మ పైకి గట్టిగానే అనేది. రేడియోలో లంక వార్తలు మొదలైతే మాత్రం పొయ్యి మీద కూర మాడుతున్నా పట్టేది కాదు. అన్న ఉత్తరాలు ఆగిపోయాయి. ఇంట్లో ఎవరికీ కాలు ఒకచోట నిలిచేది కాదు.

అన్న పటాలంలోనే పనిచేసే కొత్తగూడెం జవాను ఒకతను సెలవు ముగించుకుని వెళ్తున్నాడు. అతనితో పంపుదామని అమ్మ గొంతు క్యాసెట్‌లో రికార్డు చేశాను. అమ్మేమో టేప్‌రికార్డర్‌ను ఫోననుకుంది. ఒక మాట అడగడం, జవాబు కోసం ఆగడం.

"తిన్నవా బిడ్డా?" ఆగింది. "గంజేంది? జరమొచ్చిందా?" మళ్లీ ఆగింది. "అయితే ఇయ్యాల ఎటూ పోకు. పానం బాగలేదని పెద్దసారుకు చెప్పు." ఇంకాసేపు ఆగి, "ఆ పక్క మంచం పిల్లగాన్ని గూడ పోవద్దను," అంది.

నాకు నవ్వాగలేదు. అది ఫోను కాదే అని ఎంత చెప్పినా వింటేగా!

కొన్ని నెలలకు అన్న వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. క్యాసెట్ చేతికందిన పూట అతను మలేరియాతో మంచం మీద ఉన్నాడట. టేపులో అమ్మ "తిన్నవా" అనగానే సరదాకి "గంజి తాగిననే" అన్నాడట. వెంటనే అమ్మ గొంతు "గంజేంది?" అంది. అన్న మంచం మీద లేచి కూర్చున్నాడట. "అవ్, జరమే. అయినా డ్యూటీకి పోవాలె," అన్నాడట. దానికీ జవాబొచ్చింది.

అన్న పెద్దసారుకు చెప్పి ఆగిపోయాడు. ఆ రోజు డ్యూటీకి వెళ్లిన బండి మందుపాతర పేలి తునాతునకలైంది.

నేను రికార్డు చేసింది అంతకు వారాల ముందు. అమ్మను అడిగితే విసుక్కుంది. "వాడు చెప్తేనే గదరా నేనన్నది!"

ఏదో కాకతాళీయమని సర్దిచెప్పుకోబోతాను. మనసు ఒప్పుకోదు. ఇన్నేళ్లయినా ఇంతే.

పక్క మంచం అతనికి అమ్మ మాట చెప్పావా అని అన్నను అడిగాను.

"చెప్పిన. మీ అమ్మ నీకు చెప్పుకుంటది గని నాకెందుకు చెప్తదిరా అని నవ్వుకుంట బండెక్కిండు."