రూతమ్మ బర్రె నెత్తురు

1994 ఎండాకాలంలో నన్ను రెంజల్ పశువైద్యశాలకు వేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. చేరిన నెలలోనే ఒక వాగు పక్క ఊళ్లో బర్రెలు వరసగా ఈచుకుపోతున్నాయని, అంటే నెలలు నిండకుండానే దూడలు పడిపోతున్నాయని తెలిసింది. ఆ వాగులోకి ఒక చిన్న చక్కెర మిల్లు నల్లటి నీళ్లు వదిలేది. నేను అడగకముందే దాని మేనేజరు "మా నీళ్లు మంచివే" అన్నాడు. ఇక నాకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

హైదరాబాద్ ల్యాబులో నా క్లాస్‌మేట్ ఒకడు హార్మోన్ల మీద పనిచేసేవాడు. సముద్రంలో సీళ్లు, డాల్ఫిన్ల హార్మోన్ల స్థాయి చూసి అవి ఎంత కాలుష్యానికి గురయ్యాయో అంచనా వేస్తారని అతనే చెప్పాడు. ఒంటికి కష్టం కలిగితే పెరిగే కార్టిసాల్ బర్రెల్లో కూడా చూద్దామన్నాడు. వాగు నీళ్లు తాగే పన్నెండు బర్రెలు, పక్క ఊళ్లో కాలువ నీళ్లు తాగే పన్నెండు. మెడ నరం నుంచి రక్తం తీసి, సీరం వేరుచేసి, ఐసు ఫ్లాస్కులో పంపాను. వాగు బర్రెల్లో కార్టిసాల్ రెండింతలుంది. మేనేజరు దొరికాడనుకుని రిపోర్టు మొదలుపెట్టాను.

ఆ ఊళ్లో రూతమ్మ అనే మెథడిస్టు కూలీ ఉండేది. ఆమె మూడు బర్రెల్లో రెండు ఈచుకుపోయాయి, మూడోది ఏడు నెలల చూడితో ఉంది. ఆమె మిల్లు మేనేజర్నే కాదు, నన్నూ నమ్మేది కాదు. ఫలితం చెప్పగానే అడ్డం తిరిగింది.

"నా బర్రెను పరాయోళ్లు ముడితేనే బెదురుతది సారూ. ముగ్గురు గుంజకపోయి దవాఖాన్ల కట్టెల నడుమ ఇరికిచ్చి సూది పొడిస్తిరి. ఆ ఊరోళ్లకేమో ఇంటికాడ, పాలు పిండుకుంట తీస్తిరి. గిదేం లెక్క?"

ఆమె అన్నది నిజం. పశువును కదలకుండా నిలబెట్టే చట్రం వాగు ఊరికి దగ్గరున్న మా దవాఖానలోనే ఉంది, ఆ పక్క ఊళ్లో లేదు, అందుకే అక్కడ ఇళ్లకు వెళ్లాం. బెదిరిన పశువులో కార్టిసాల్ నిమిషాల్లో పెరుగుతుంది. నేను కొలిచింది వాగును కాదు, నా కాంపౌండర్ల మోటుతనాన్ని. ఈసారి వాగు బర్రెలకు కూడా ఇళ్ల దగ్గరే, యజమానులు దాణా పెడుతుండగా రక్తం తీశాం. తేడా దాదాపు పోయింది.

"మిగిలిన సీరంలో బ్రూసెల్లా చూశావా?" అని క్లాస్‌మేట్ అడిగాడు. సిగ్గుపడుతూ లేదన్నాను. పశువులు ఈచుకుపోతే మొదట చూడాల్సిన అంటురోగం అదేనని కాలేజీలోనే నేర్పారు. పడిపోయిన దూడను ముట్టిన మనిషికీ అది సోకుతుంది. రూతమ్మ ఆ దూడలను వట్టి చేతులతో తీసి పాతిపెట్టింది. సాయంత్రమైతే జ్వరం, కీళ్లనొప్పులు అని ఆమె చెబితే, దాన్నీ వాగు మీద సాక్ష్యంగానే నోట్‌బుక్కులో రాసుకున్నాను.

పరీక్షలో బర్రెలకూ, నిజామాబాద్ పెద్దాసుపత్రిలో ఆమెకూ అదే తేలింది. ఆరు వారాల మందులతో ఆమె జ్వరం తగ్గింది. ఈలోగా మూడో బర్రె కూడా ఈచుకుపోయింది.

"మిల్లోని మీది కోపంల నా జెరం ఇనకపోతివి గద సారూ" అందామె.

ఆ వాగు నీళ్లు మంచివని ఈనాటికీ అనను. వాటి సంగతి నేను తేల్చలేదు. కానీ రిటైరయ్యేదాకా, బర్రె ఈచుకుపోయిందని ఎవరొచ్చినా, అది ఏ నీళ్లు తాగిందని అడిగే ముందు ఇంట్లో ఎవరికి జ్వరమని అడిగేవాణ్ణి.