తొమ్మిదో వాక్యం

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చిన్నప్పటి నుంచీ గద్దించేదాన్ని. చనిపోయినవాళ్లు తిరిగి రారని, ప్రభువులో నిద్రిస్తారని సండేస్కూల్లో నేర్చుకున్నాను. తర్వాత పిల్లలకు నేనే నేర్పాను. ఇప్పటికీ నా విశ్వాసం అదే. అందుకే ఖురియాత్ దగ్గర జరిగినదాన్ని ఏమనుకోవాలో నాకు తెలియదు.

తొంభైల మొదట్లో మస్కట్‌లో ఏడాది నర్సింగ్ కోర్సు చదువుతున్నాం. తెలుగువాళ్లం తొమ్మిది మందిమి, అందరం కోస్తా జిల్లాల సంఘాల నుంచి వచ్చినవాళ్లమే. మాలో పెద్దదాన్ని నేను. అందరికన్నా చిన్నది రత్నం.

అక్కడ సెలవురోజైన ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక, సముద్రం ఒడ్డునున్న ఖురియాత్ ఊరికి వెళ్లి, అక్కడి నుంచి బోటులో ఒక చిన్న దీవికి వెళ్లాం. మనుషులుండరు. రాళ్లు, తెల్లటి ఇసుక, పక్షులు, అంతే. ఒడ్డు దాకా నీళ్లలో నడవాలి కాబట్టి చెప్పులు బోటులోనే విడిచి దిగాం. సాయంత్రం నీళ్లు పోటెత్తుతాయని, త్వరగా రావాలని బోటు నడిపే ఒమానీ పెద్దాయన ముందే చెప్పాడు.

మాకొక అలవాటుంది. ఎక్కడి నుంచి బయల్దేరినా కళ్లు మూసుకుని, వయసు వరసన తలా ఒక బైబిలు వాక్యం చెప్తాం. అదే ప్రార్థన, అదే హాజరు. రత్నం వాక్యం ఎప్పుడూ ఒకటే, కాపరి గురించిన కీర్తనలో మొదటి మాట. ఆ పొద్దున కూడా మాలో ఒకతైన సరళ దాన్ని ఏడిపించింది.

"నీకింకో వాక్యం దొరకలేదటే? సండేస్కూల్ పిల్లలు కూడా నవ్వుతారే."

"నవ్వనీ. ఒక్కటే చెప్తుంటే దేవుడికి నా గొంతు గుర్తుంటది."

సాయంత్రం తడిసిన బట్టలతో, తలలకు తువాళ్లు చుట్టుకుని బోటెక్కాం. కళ్లు మూసుకున్నాం. నేను మొదలుపెట్టి, వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాను. ఎనిమిది అయ్యాయి. వెనక నుంచి రత్నం గొంతు, అదే వాక్యం. తొమ్మిది. ఆమెన్ అన్నాం. ఇంజను మోత, మొహాన ఎండ. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

పావుగంట పోయాక పెద్దాయన కాలితో ఒక చెప్పుల జతను ముందుకు తోసి, ఇవెవరివని హిందీలో అడిగాడు.

"యే చప్పల్ కిస్కా హై, సిస్టర్?"

నీలం పట్టీల చెప్పులు. రత్నానివి. అప్పుడు తలలు లెక్కపెట్టాను. ఎనిమిదే.

తిరిగి వెళ్లేసరికి మేం కూర్చుని భోంచేసిన ఇసుక మునిగిపోయింది. దీవి అవతలి వైపు, రాళ్ల సందులో కాలు ఇరుక్కుని రత్నం నిలబడి ఉంది. నీళ్లు గొంతు దాకా వచ్చేశాయి. పెద్దాయన దూకి, రాయి కదిపి, ఆమెను లాగాడు.

"ఎంత అరిచానో అక్కా," అంది. "ప్రార్థన చేద్దామంటే నా వాక్యం నోటికి రాలేదు. ఎవరో తీసేసుకున్నట్టు."

తర్వాత ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాను. అందరూ విన్నారు. సరళ అయితే తన భుజం పక్క నుంచే వచ్చిందంది. పెద్దాయనకు తెలుగు రాదు కానీ గొంతులు వినబడ్డాయి. ఎనిమిదో అమ్మాయి తర్వాత మేమంతా కాసేపు ఊరికే కూర్చున్నామని, ఎవరూ ఏమీ అనలేదని చెప్పాడు.

దేవుడి పని అందామా? ఆ గొంతు వల్లే కదా ఆమెను వదిలేసి వచ్చాం. కాపాడింది చెప్పులు. పాస్టరుగారికి చెప్తే "వాక్యం దేవుడి శత్రువుకీ కంఠతా వచ్చమ్మా" అన్నారు. అంతకుమించి నేనూ అడగలేదు.

రత్నం ఇప్పటికీ ఆ కీర్తన చెప్తుంది, రెండో మాట నుంచి. మొదటిది ఎంత చదివినా నిలవడం లేదంటుంది.

ఆ గొంతు ఎవరిదో ఈనాటికీ చెప్పలేను. ప్రార్థన కూటంలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నేను మాత్రం మూసుకోను. ఆ వాక్యం వినబడగానే, ఎవరి పెదవులు కదిలాయో చూస్తాను.