మగ్గం గుంతలోకి వచ్చిన వాన

పోయిన వారం హిందూపురంలో మా వీధి చివరి కల్యాణ మండపంలో వాననీటి మీద సదస్సు పెట్టి, మున్సిపాలిటీ ఇంజనీరింగ్ విభాగంలో రిటైరైనవాణ్ణని నన్నూ పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టారు. బెంగళూరు నుంచి వచ్చిన నిపుణుడొకడు తెర మీద బొమ్మలు వేసి, చినుకును పడ్డచోటే ఇంకనివ్వాలనీ, నీళ్లు పీల్చే బాటలు వేయాలనీ, దీన్నే లో ఇంపాక్ట్ డెవలప్‌మెంట్ అంటారనీ చెప్పుకుపోతుంటే, ఆ మండపం ఆవరణలో గడ్డిపోచకు కూడా సందివ్వకుండా టైల్స్ పరిచిన పెద్దమనుషులే తలలూపుతున్నారు. సాయంత్రం నాలుగింటికి వాన దంచింది. అరగంటలో నీళ్లు లోపలికి వస్తే నిపుణుడు ప్యాంటు మడుచుకుని కుర్చీ ఎక్కాడు, తలలూపినవాళ్లు చెప్పులు చేతబట్టుకుని కార్లకేసి పరుగెత్తారు. కడుపుబ్బా నవ్వుకున్నాను గానీ ఆ నవ్వు ఇంటిదాకా రాలేదు. నీళ్లకు దారి మూసే విద్యలో నేనూ చేయి తిరిగినవాణ్ణే.

నా మొదటి ఉద్యోగం ధర్మవరంలో, రోడ్డు పనులు దగ్గరుండి చూసుకునే వర్క్ ఇన్‌స్పెక్టరుగా. మాది చెన్నేకొత్తపల్లి వైపు సేద్యగాళ్ల ఇల్లు, ధర్మవరంలో నావాళ్లెవరూ లేరు కాబట్టి, పట్టుచీరలు నేసే వీధిలో ఒక అవ్వ ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాను. నేను అన్నా అని పిలిచే ఆమె కొడుకు ముందు గదిలో గుంత మగ్గం మీద నేసేవాడు. కాళ్లతో తొక్కడానికి మగ్గం కింద నేలలో గుంత తీస్తారు గనుక ఆ వీధిలో నీళ్లంటే అందరికీ హడలే. అందుకే వాళ్ల పెద్దలు ఎప్పుడో ప్రతి ఇంటి చూరు కింద మోకాటి లోతు గాడి తవ్వి, గులకరాళ్లూ ఇసుకా నింపారు. చూరునీళ్లు అందులోనే ఇంకిపోయేవి, మిగిలినవి వీధి చివర కానుగ చెట్ల కింది పల్లంలో చేరి రెండ్రోజుల్లో ఆరిపోయేవి. ఏటా వానలకు ముందు అవ్వ ఆ రాళ్లు తీసి, కడిగి, మళ్లీ పరిచేది.

మా ఆఫీసరు కంటికి అదంతా చెత్త. బూట్లకు మట్టి అంటుతుందని జీపు దిగకుండానే వీధి చూసి, గోడ నుంచి గోడకు సిమెంటు పోసెయ్యమన్నాడు. కూలీలు గాడి పూడుస్తుంటే అవ్వ నా దగ్గరికి వచ్చింది.

“ఏమప్పా, మా రాళ్లు తీసేస్తాండారే, నీళ్లు యాడికి పోవల్ల?”

“కాలువలోకి పోతాయిలే అవ్వా.”

“కాలువ యాడుండాది?”

కాలువ రెండో విడతలో వస్తుందని, నాలుగు అక్షరాలు చదువుకున్నవాడి పొగరుతో చెప్పాను.

“మీ రెండో విడత దాకా వాన ఆగుతాదా?” అని ఆమె సూటిగా అడిగితే, టేపు చుట్టుకుంటూ పక్కకు తిరిగాను.

వాన ఆగలేదు. రెండు నెలలు తిరక్కుండానే ఒక మధ్యాహ్నం కుండపోతగా కురిసి, గడప కంటే జానెడు ఎత్తున పోయించిన నా రోడ్డు మీంచి నీళ్లు తిన్నగా ఇళ్లలోకి దిగాయి. మగ్గం మీద ఎవరి పెళ్లికో నేస్తున్న చీర, ఇంకో మూరెడు నేస్తే పూర్తయ్యేది. గుంత నిండి నీళ్లు పడుగు దారాలకు తగలబోతుంటే అన్న గుంతలోనే నిలబడి ఆ కొస, నేను ఈ కొస ఎత్తిపట్టుకున్నాం. ఎంతసేపని పట్టుకుంటాం? తడిస్తే రంగు దిగి నేసిందంతా పాడైపోతుంది. అవ్వ కత్తెర తెచ్చి, కొడుకు చేతికివ్వకుండా తానే పడుగు కోసి, నేసినంత మేరకు చుట్టి అటక మీద పెట్టింది. మగ్గం మీదున్న పడుగును కొయ్యడమంటే ఏమిటో ఆ అన్న ముఖం చూసి తెలుసుకున్నాను.

మర్నాడు ఆఫీసరు వచ్చి, ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, “గడపలు ఎత్తు చేసుకోమనవయ్యా” అని చెప్పి వెళ్లిపోయాడు. కనీవినీ ఎరగని వాన కురిసిందని పై అధికారులకు రాశాడు కూడా. ఆ ఆదివారం నేనూ అన్నా వీధివాళ్లూ గడ్డపారలు పట్టి, నేను పోయించిన సిమెంటునే గోడ వెంబడి మూరెడు వెడల్పున పగలగొట్టి గాడి మళ్లీ తీశాం. అవ్వ దగ్గరుండి రాళ్లు పరిపించింది. తర్వాతి వానకు గుంత పొడిగా ఉందని చెప్పడానికి అన్న పెనుకొండ దాకా బస్సులో వచ్చాడు. ప్రభుత్వ ఆస్తి పాడుచేశానని నన్ను అప్పటికే అక్కడికి విసిరేశారు మరి.

ఇక్కడితో ఆపేస్తే నేను గొప్పవాణ్ణయిపోతాను. కానీ ఆ బదిలీ నా నోరు కుట్టేసింది. పెనుకొండలోనూ ఆపైన హిందూపురంలోనూ ఎన్ని వీధులు గోడ నుంచి గోడకు మూయించానో, ఎన్ని పల్లాలు పూడ్పించానో, ఒక్కచోటా నోరు మెదపలేదు. ఆ ఆఫీసరు జీపు దిగకుండానే పై ఉద్యోగాలెక్కాడు. నేను జీపు దిగి, అన్నీ చూసి, తెలిసీ సంతకాలు పెట్టాను. ఇద్దరిలో ఎవడు నీచుడో మీరే తేల్చండి.

మా చిన్నతనంలో మబ్బు పడితే అవ్వలు కొంగు పట్టి నిలబడేవాళ్లు, సేద్యగాళ్లు పొలం గట్ల మీద ముఖాలెత్తి తడిసేవాళ్లు. ఇప్పుడు మబ్బు కమ్మితే బియ్యం మూటలు మంచాలెక్కుతున్నాయి, ఫ్రిజ్జుల కిందికి ఇటుకలు వస్తున్నాయి, ఇది ఎప్పుడు నిలుస్తుందా అని జనం గడప దగ్గర కాచుకుంటున్నారు. కరువు సీమలో పుట్టి వానకు భయపడడం నేర్చుకున్నాం. నేర్పినవాళ్లలో నేనూ ఉన్నాను.