ఏడో నంబరు హోటల్

మా అమ్మ పద్దెనిమిదేళ్లు మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండింది. కుడి భుజం మాట వినడం మానేశాక, ఆ ఏడు వేసవి సెలవులకు ముందు రోజు, గరిటె ఇంకొకరి చేతిలో పెట్టి బయటికి వచ్చింది. సార్లు శాలువా కప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అమ్మ ఇంటికొచ్చి, శాలువా మడిచి బీరువాలో పెట్టి, రాత్రికి బియ్యం కడగడానికి కూర్చుంది.

ఈ సంగతి నాకు ఫోన్‌లో చెప్పింది మా చెల్లెలు. మహబూబ్‌నగర్‌లో నర్సింగు చదువుతోంది, వచ్చే శుక్రవారం రాత్రి ఇంటికి వస్తానంది.

"అన్నా, ఒక్క శాలువతోని అయిపోతదా? అమ్మను మంచి హోటల్‌కు తీస్కపోదాం. నల్లగొండల నువ్వే ఉన్నవు గద, నువ్వే సూడు."

చూసే పని నాకు అప్పగిస్తే ఏమవుతుందో దానికి తెలియనిది కాదు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివి, నల్లగొండలో ఒక సబ్‌స్టేషన్‌లో పనిచేస్తున్నాను. గంటగంటకూ మీటర్ల రీడింగులు పుస్తకంలో ఎక్కించడం నా ఉద్యోగం. ఆ అలవాటు డ్యూటీతో ఆగదు. కూరగాయలకు వెళ్లినా జేబులో కాగితం ఉంటుంది.

ఏ పనికైనా ముందు అవసరం ఏమిటో రాసుకోవాలి. అందుకని అమ్మకే ఫోన్ చేశాను.

"అమ్మా, హోటల్ ఎట్లుండాలె?"

"హోటలంటే హోటలే. ఎట్లుంటది?"

"అట్ల కాదు. నీకు ఏం గావాలెనో చెప్పు."

వెనక కుక్కరు కూత పెట్టింది. స్టవ్ ఆపి వచ్చి చెప్పింది.

"తిన్నంతసేపు నేను లేవొద్దు కొడుకా. కూసుంటే కూసున్నట్టే ఉండాలె. గంతే."

ఆమె ఎందుకు అలా అడిగిందో నాకు తెలుసు. ఒకసారి సెలవు మీద ఇంటికి వెళ్లినప్పుడు, రాత్రి భోజనానికి కూర్చున్న అమ్మ ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టాను. ఉప్పుకు ఒకసారి, బాపుకు మంచినీళ్లకు ఒకసారి, నాకు నెయ్యికి, చెల్లెలు అడగని పచ్చడికి, పెరుగుకు, ఫోన్ మోగితే, పిల్లి వస్తే, మళ్లీ బాపుకు అన్నానికి, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి. మొత్తం తొమ్మిది. పదోసారి కూర్చునేసరికి ఆమె అన్నం చల్లారిపోయింది. బడిలోనూ అంతే. పిల్లలందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది ఆమెది. అలాంటి మనిషి నన్ను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. ఇందులో తప్పు దొర్లడానికి వీల్లేదు.

ముందుగా ఏ రోజో తేల్చాలి. శనివారం యాదగిరిగుట్ట స్వామి పేర అమ్మ ఒక్కపొద్దు ఉంటుంది, బయటి తిండి ముట్టదు. సోమవారం బాపు నీసు తినడు, పైగా ఆ పొద్దున్నే చెల్లెలు వెళ్లిపోతుంది. మిగిలింది ఆదివారం.

తర్వాత హోటళ్లు. ఏడు పేర్లు రాసుకుని, డ్యూటీ లేని మంగళవారం బండి మీద అన్నింటికీ వెళ్లాను. ఎక్కవలసిన మెట్లు, కుర్చీ ఎత్తు, చేతులు కడిగే చోటికి అడుగులు, కారం, రొద, ఏసీ, జనరేటరు, ఇలా పది గడులు. ప్రతి గడికీ అయిదు మార్కులు. "తిన్నంతసేపు లేవొద్దు" అన్న గడికి మాత్రం పది. హైదరాబాద్ రోడ్డు మీద ఒక హోటల్‌లో నేను వాష్‌బేసిన్ దాకా అడుగులు లెక్కపెడుతుంటే మేనేజరు లేచి వచ్చాడు.

"సార్, మీరు ఫుడ్ ఇన్‌స్పెక్టరా?"

"కాదు. మా అమ్మను తీస్కొస్తున్న."

అతను నన్ను ఇంకోసారి పైనుంచి కిందికి చూశాడు.

ఆ హోటలే మొదటి నంబరుగా తేలింది. తెల్ల గుడ్డ పరిచిన బల్లలు. బల్లకొక మనిషి నిలబడి గ్లాసులో నీళ్లు తగ్గితే పోస్తాడు, గిన్నె చేత్తో పట్టుకుని వడ్డిస్తాడు. ముఖ్యమైన గడిలో పదికి పది వేశాను. ఆఖరి నంబరు దానికి ఎదురుగా, రోడ్డు అవతల ఉన్న మండీ హోటల్, అరబ్బుల తరహా కోడి అన్నం పెట్టేది. అక్కడ కింద పరుపుల మీద కూర్చోవాలి, బాపుకు మోకాళ్ల నొప్పులు. పైగా నలుగురికీ కలిపి ఒకటే పెద్ద పళ్లెం పెడతారు. ఎంగిలి పట్టింపు ఉన్న మా ఇంట్లో దానికి నేను వేసిన మార్కులు బయటికి చెప్పదగినవి కావు.

ఆదివారం అయిదు గంటల బస్సులో ముగ్గురూ మా ఊరు కేతేపల్లి నుంచి వచ్చి దిగారు. బాపు తెల్లచొక్కా, కొత్త కండువా. అమ్మ పెట్టెలోంచి తీసిన ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, చేతిసంచిలో నాకు చింతకాయ తొక్కు తెచ్చింది. ఏడింటికి హోటల్ తలుపు తీశాను.

తెల్ల గుడ్డల బల్లలు ఉన్నాయి. పక్కన నిలబడే మనుషులు లేరు. గోడ పొడుగునా మూతలు పెట్టిన పెద్ద గిన్నెలు, వాటి ముందు ఖాళీ పళ్లేలతో జనం వరుస.

"సండే బఫే సార్," అన్నాడు మేనేజరు నన్ను గుర్తుపట్టి. "మీరొచ్చింది మంగళారం గద."

అమ్మకు ఎవరో పళ్లెం అందించారు. ఆమె అది పట్టుకుని వరుసను చూసింది.

"వడ్డించెటోళ్లు లేరా?"

"ఎవరిది వాళ్లే పెట్టుకోవాలమ్మా," అన్నాడు మేనేజరు.

"అచ్చం మా బడి పిల్లల లెక్కనే ఉన్నరు," అని నవ్వి, వరుస చివరికి వెళ్లి నిలబడబోయింది. కోపం లేదు, అసంతృప్తి లేదు. అదే నాకు కష్టంగా తోచింది. పది గడులు గీసిన నేను ఏ రోజు వెళ్లి చూస్తున్నానో ఆలోచించలేదు.

అమ్మ చేతిలో పళ్లెం తీసుకుని బల్ల మీద పెట్టాను. "పోదాం పా అమ్మా. గిది కాదు."

బయట మెట్ల మీద నిలబడి ఫోన్ తీశాను. రెండో నంబరులోనూ ఆదివారం బఫేనే. మూడో దాంట్లో ఎవరిదో రిసెప్షన్. నాలుగూ అయిదూ గంటన్నర ఆగమన్నాయి. ఆరో నంబరు ఎత్తలేదు.

"అన్నా, నీ కాయితంల గిన్ని గడులున్నయి, ఆదివారం అన్న గడి లేదా?" అంది చెల్లెలు.

"ఊకో."

"అగో, గది ఏం హోటల్?" అని రోడ్డు అవతలికి చూపించింది. ఏడో నంబరు.

మండీ హోటల్‌లో పరదాలు కట్టిన చిన్న చిన్న గదులు. మూడు వైపులా పరుపులు, దిండ్లు, నడుమ పొట్టి బల్ల. చెల్లెలు అమ్మను అన్నిటికంటే లోపలి మూలకు తోసి, తను అడ్డంగా కూర్చుంది. ఇటువైపు బాపు వీపుకు రెండు దిండ్లు పెట్టుకుని కాళ్లు చాపేశాడు. అమ్మ బయటికి రావాలంటే ఆ కాళ్లు దాటాలి. ఈ సౌకర్యం నా గడుల్లో ఎక్కడా లేదు.

పళ్లెం వచ్చింది. మా ఇంట్లో పిండి జల్లించే జల్లెడ కంటే పెద్దది. పసుపు తెలుపు కలిసిన పొడుగు మెతుకుల అన్నం, పైన నాలుగు కోడి ముక్కలు, వేయించిన ఉల్లిపాయ, జీడిపప్పు.

బాపు పళ్లేన్ని, మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. "నలుగురికి ఒక్కటేనా? ఎంగిలి గాదు?"

"హాస్టల్ల మేమందరం గిట్లనే తింటం బాపు. ఏమన్న అయిందా నాకు?"

"నీకేమైతది, నీతోని తిన్నోళ్లకు అయితది," అని బాపు పళ్లెంలో చేయి పెట్టాడు.

మొదటి ముద్ద తినకముందే అమ్మ చేయి కదిలింది. తన ముందున్న పెద్ద ముక్క తుంచి బాపు వైపు జరిపింది. ఇంకో ముక్క నా వైపు. ఉల్లిపాయంతా చెల్లెలి వైపు. రెండు నిమిషాల్లో అమ్మ ముందు అన్నం పలచబడి పళ్లెం అడుగు కనిపించింది.

"లేవకుంటనే వడ్డిస్తున్నవు గదనే," అంది చెల్లెలు.

బాపు తినడం ఆపాడు. మా పక్క పొలం ఆయనతో బాపుకు గెట్టు పంచాయితీ, అదే పొలం గట్టు తగాదా, ఏళ్ల తరబడి ఉంది. ప్రతి వానకాలం ఆయన గెట్టును జానెడు చెక్కుతాడు, బాపు మళ్లీ మట్టి పోస్తాడు. ఆ అనుభవమంతా వేలికొసకు తెచ్చుకుని, బాపు అన్నంలో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీశాడు. తన భాగంలోంచి ముక్కను, రెండు పిడికిళ్ల అన్నాన్ని అమ్మ భాగంలోకి నెట్టాడు.

"ఇగో, గిది గెట్టు. గీ చెల్క నీది. గెట్టు దాటి చెయ్యి పెడితె పంచాయితి అయితది."

"అయ్యో, గింత చెల్క నేనెప్పుడు దున్నాలె?"

"మెల్లగ దున్ను. ఎవలు తరుముతున్నరు?"

అమ్మకు నవ్వాగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత అంది, "మా పెండ్లినాడు గిట్లనే ఇద్దర్ని ఒక్క పల్లెంకాడ కూసోవెట్టిండ్రు. సిగ్గుకు ఒక్క ముద్ద గూడ తినలే. అంత మీ బాపే తిన్నడు."

"ఆకలైంది, తిన్న," అన్నాడు బాపు తల ఎత్తకుండా.

ఆ తర్వాత అమ్మ పళ్లెం మీదికి వంగింది. తింది. వేడి వేడిగా, నెమ్మదిగా, ఎముక దాకా. నీళ్ల సీసా ఖాళీ అయినప్పుడు ఒకసారి నేల మీద చేయి ఆనించింది. బాపు కాళ్లు కదపలేదు. చెల్లెలు పరదా తీసి నీళ్లకు కేకేసింది. అమ్మ చేయి మళ్లీ పళ్లెంలోకి వెళ్లింది. నేను సందు చూసి, ఆమె భాగంలో మిగిలిన జీడిపప్పు తీసుకోబోయాను. వేళ్ల మీద ఒక్క దెబ్బ పడింది.

"నీ గెట్టు నువ్వు సూస్కో."

జీడిపప్పు తనే తినేసింది. తిండి విషయంలో అమ్మ చేతిలోంచి నాకు దక్కనిది, నాకు గుర్తున్నంతలో అదొక్కటే.

లేవడం సున్నా.

చివరికి లేవలేకపోయింది బాపే. మోకాళ్లు పట్టేశాయి. చెల్లెలు, నేను చెరొక చేయి పట్టి లాగుతుంటే అమ్మ మూలలోనే దిండుకు ఆనుకుని చూస్తూ కూర్చుంది. మాకు సాయం రాలేదు. నా జేబులోంచి కాగితం జారి పరుపు మీద పడితే అందుకుని విప్పింది.

"నీ కాయితంల గీ హోటల్ ఎన్నో నంబరు కొడుకా?"

"ఏడో నంబరమ్మా. ఆఖరుది, అన్నిటికన్న కిందున్నది."

అమ్మ కాగితాన్ని తలకిందులుగా తిప్పి పట్టుకుని, చేయి చాచి మళ్లీ చూసింది.

"ఇగో, ఇప్పుడు సూడు. మొదటిదే."